బతికుండగా కొట్టించిన పేరు

అది 2016 ఎండాకాలం. ఉస్మాన్‌గంజ్‌లో మా స్టీలు సామాన్ల దుకాణం ఉన్న గల్లీలోకి అప్పటికింకా లేజర్ మిషన్లు రాలేదు. గిన్నె కొన్నవాళ్లు దాని మీద పేరు కొట్టించుకోవాలంటే నా దగ్గరికే రావాలి. దుకాణం మా తమ్ముడిది, గల్లా పెట్టె ముందు వాడు కూర్చుంటాడు. మెట్ల పక్కన ఒక చిన్న బల్ల, టేబుల్ లైటు, ప్లాస్టిక్ స్టూలు, ఒక ఎన్‌గ్రేవర్. అదీ నా రాజ్యం.

ఎన్‌గ్రేవర్ లావుపాటి పెన్నులా ఉంటుంది. కరెంటు పెట్టగానే ముందున్న గట్టి మొన గజగజ వణుకుతుంది. దాన్ని అదిమి పట్టి రాసుకుంటూ పోతే స్టీలు మీద సన్నటి చుక్కలు పడి అక్షరం అవుతుంది. చూసేవాళ్లకు తేలికగానే ఉంటుంది. పెన్నును మనం నడిపితే సరే, పెన్ను మనల్ని నడిపిందా, 'ల' కాస్తా జిలేబీ అయి కూర్చుంటుంది. మా నాన్న ఈ పని ముందు తమ్ముడికే నేర్పాలనుకున్నాడు. వాడి రాత కోడి కెలికినట్టు ఉండేసరికి వేరే దారి లేక నన్ను కూర్చోబెట్టాడు. అలా నేను ఆ గల్లీకంతటికీ 'పేర్ల అక్క'ను అయ్యాను.

పెళ్లి సారె మీద పేర్లు, గృహప్రవేశానికి పంచే గిన్నెల మీద పేర్లు, అన్నీ కొట్టేదాన్ని. కానీ ఉన్నమాట చెప్పాలంటే మా దందా నడిపించింది పోయినవాళ్లే. మనిషి పోయాక దినాలకు వచ్చిన చుట్టాలకు స్టీలు డబ్బానో గిన్నెనో పంచుతారు కదా, వాటి మీద ఆ మనిషి పేరు, పోయిన తేదీ కొట్టాలి. పేరు ముందు 'కీ.శే.' తప్పనిసరి. కీర్తిశేషులు అన్నమాట. ఆ రెండక్షరాలు నా చేతికి ఎంత అలవాటంటే, పక్కవాళ్లతో కబుర్లు చెబుతూ కూడా కొట్టేసేదాన్ని.

అటువంటి ఒక మధ్యాహ్నం, ఎండ మండిపోతున్న వేళ, రూత్ వచ్చింది. ముప్పై దాటిన మనిషి, నూలు చీర, భుజాన గోనెసంచి. అంచులున్న పెద్ద కంచాలు కావాలంది. బేరం గట్టిగానే ఆడింది. చివరికి మా తమ్ముడు దిగివచ్చాడు. సామాను నా బల్ల మీదికి చేరింది. నేను మిషన్ చేతిలోకి తీసుకున్నాను.

"పేరు చెప్పు చెల్లె."

"పేరు వద్దక్కా. గట్లనే మూట గట్టియ్యి."

"గిన్ని ప్లేట్లు ఏం జేస్తవ్?"

"కిరాయికిస్త. ఫంక్షన్లకు."

"కిరాయికిస్తనంటవ్, పేరొద్దంటవ్. రేపు గుంపుల కలిసిపోతే నీదేదో మందిదేదో ఎట్ల ఎర్కయితది?"

"అయితే అయితది, లేకుంటే లేదు. వద్దన్న గదా అక్కా" అని తల పక్కకు తిప్పుకుంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇన్నేళ్లలో కిరాయి సామాను మీద పేరు వద్దన్న మనిషిని నేను చూడలేదు. అయినా నీళ్లిచ్చి కూర్చోబెట్టి మాట కలిపాను. ఆమెది కిషన్‌బాగ్. ఫంక్షన్ హాల్‌లో ఊడ్చే పని చేసేది. భోజనాలయ్యాక థర్మకోల్ ప్లేట్లన్నీ మూటలు కట్టించేది ఆమే. ఆ మూటలు వాళ్ల ఇంటి వెనక నాలాలోనే తేలడం చూసేది కూడా ఆమే.

"నేను గట్టిన మూట నా ఇంటికే వస్తదక్కా" అంది. "వానొచ్చిందంటే నాలా మలుపు కాడ ప్లేట్లన్నీ అడ్డం వడ్తయి. నీళ్లు ఎటు వోతయి? మా ఇంట్లకే. మంచాల మీద పిల్లలను కూసోవెట్టి ముక్కు మూసుకుని ఉంటం. కార్పొరేషనోళ్లు వస్తరు, తీస్తరు. మల్ల పెండ్లిల్లు షురూ అయితయి, మల్ల నిండుతది."

ఇక ఆమె ఆలోచన ఇది: స్టీలు కంచాలు ట్రాలీ ఆటోలో తనే తీసుకుపోతుంది. తిన్నాక తన మనుషులే ఎత్తుతారు. ఎంగిలన్నం తబేలాలో బర్రెలకు. కంచాలు సలసల కాగే నీళ్ల డ్రమ్ములో ముంచి కడుగుతారు. కడగడానికి వాళ్ల బస్తీ ఆడవాళ్లే. మహిళా సంఘంలో అప్పు దొరికింది.

మా తమ్ముడు నవ్వాడు. "అటు జూడు చెల్లె. ఎదురుంగ నాలుగు దుకాణాలు థర్మకోల్ ప్లేట్ల హోల్‌సేలే. వాళ్లింట్ల పెండ్లికి నీ ప్లేట్లు పెట్టిస్తే నేను మొక్కుత నీకు."

"మొక్కుడు తరువాత గాని, తాడు గట్టిగ గట్టు అన్నా" అంది రూత్. నాకు ఆమె అప్పుడే నచ్చింది.

దసరా దాటాక మళ్లీ వచ్చింది. మనిషి చిక్కిపోయింది. పని నడుస్తోందట, కంచాలే నిలవడం లేదట. వంటవాళ్ల సామానులో కలిసిపోతున్నాయి, ఇంటివాళ్ల గిన్నెలతో వంటింట్లోకి వెళ్లిపోతున్నాయి. ఇవి నావి అని చూపించడానికి గుర్తు లేదు.

"ప్లేట్లకు కాళ్లొచ్చినయక్కా. నడిచి వోతున్నయి."

"చెప్పిన గదా పేరు కొట్టిచ్చుకొమ్మని! మొండిదానా."

బల్ల దగ్గరికి జరిగింది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. "రూత్ అని కొట్టిచ్చిననుకో. తినేటప్పుడు ఎవరన్న చదువుతరు. గీమె ఎవరు, ఎక్కడామె, ఏంటోళ్లు అని అడుగుతరు. సగం మంది ప్లేటు పక్కకు వెడ్తరు. నా పేరంటే నాకు మస్తు ఇష్టం అక్కా. గాని నా పేరుతోటి నా దందా నడవది."

ఒళ్లు మండిపోయింది నాకు. ఎవరి మీద అంటే ఏం చెప్పను? ఆమె అన్నది అబద్ధమైతే కదా ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి. మా గల్లీని నేను ఎరగనా? టీ తెప్పించాను. ఇద్దరం తాగుతూ కూర్చున్నాం. బల్ల మీద ఆ రోజు కొట్టాల్సిన దినాల డబ్బాలు గుట్టగా ఉన్నాయి. ఆ డబ్బాలు ఏ ఇంట్లోనైనా చివరికి అటకెక్కేవే. వాడబుద్ధి కాదు, పారేయబుద్ధి కాదు. వాటినే చూస్తూ అన్నాను, "గీ డబ్బాలకు బదులు వాళ్లు ప్లేట్లు కొని నీకే ఇస్తే? పోయినోళ్ల పేర్ల మీద?"

డబ్బాలు తెచ్చింది బస్సు డ్రైవర్‌గా రిటైరైన ఒక పెద్దాయన. భార్య పోయింది. సాయంత్రం ఆయన వచ్చినప్పుడు భయపడుతూనే సంగతి చెప్పాను. ఆయన కొంచెం సేపు డబ్బా మూత తీస్తూ పెడుతూ నిలబడ్డాడు.

"మా ఇంటిది ఎవరొచ్చినా అన్నం తినకుంట పోనియ్యకపోయేది" అన్నాడు. "డబ్బాలు వద్దమ్మా. ప్లేట్లే ఇయ్యి. ఎవరో ఒకరు తింటరు."

అలా మొదలైంది. దినాల సామాను కొనడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పడం నా పనైంది. ఒప్పుకున్నవాళ్లు ఒప్పుకున్నారు, 'నీ సలహా నీ దగ్గరుంచుకో' అన్నవాళ్లు అన్నారు. అఫ్జల్‌గంజ్‌లో చాయ్ హోటల్ నడిపే భాయ్ ఒకాయన వాళ్ల అమ్మ పేరు ఉర్దూలో కాగితం మీద రాసి తెచ్చాడు. నాకు ఉర్దూ మాట వచ్చుగానీ రాత రాదు. బొమ్మ చూసి గీసినట్టు కుడి నుంచి ఎడమకు గీస్తుంటే ఆయన నా వెనకే నిలబడి, "ఆపా, నుక్తా రహ్ గయా" అంటూ, చుక్క మిగిలిపోయిందంటూ, చుక్క చుక్కకూ నన్ను వేపుకు తిన్నాడు. అయ్యాక మాత్రం కంచాన్ని కళ్లకద్దుకున్నాడు.

చిత్రం ఏమిటంటే, ఇక కంచాలు పోవడం ఆగిపోయింది. పోయిన మనిషి పేరున్న కంచాన్ని ఎవరు తమ వంటింట్లో దాచుకుంటారు? పొరపాటున వెళ్లినా మర్నాడే తెచ్చి ఇచ్చేవారు. దినాలకు, చర్చి విందులకు, బడి పండుగలకు రూత్ ట్రాలీ తిరగడం మొదలుపెట్టింది. కడిగే ఆడవాళ్లు పెరిగారు. రూత్ మా దుకాణానికి వస్తే మా తమ్ముడు లేచి నిలబడి మొక్కినట్టు నటించేవాడు.

మరుసటి ఏడు మాఘమాసంలో వాడు నిజంగానే మొక్కాల్సిన రోజు వచ్చింది. మా ఎదురు వరసలో, ఆ థర్మకోల్ దుకాణాల పక్కనే, నూనె హోల్‌సేల్ దుకాణం రాజేశ్వర్ సేటుది. ఆయన బిడ్డ పెళ్లి. పెళ్లికూతురే పట్టుబట్టి థర్మకోల్ వద్దని రూత్‌కు కబురు పెట్టింది. బజారులో పెద్ద ఇల్లు. అక్కడ కంచాలు పెడితే ఇక ఊరంతా పిలుస్తుంది. రూత్ కంచాలన్నీ అద్దాల్లా తోమించింది.

నేను కూడా పెళ్లికి వెళ్లాను. భోజనాల దగ్గర కంచాలు దొంతరలుగా తళతళలాడుతున్నాయి. సేటు వాళ్లమ్మ, మేమంతా పెద్దమ్మ అని పిలిచే ఆవిడ, ఒక కంచం చేతిలోకి తీసుకుంది. తిప్పి చూసింది. కొంగుకు కట్టుకున్న కళ్లద్దాలు తీసి పెట్టుకుంది. గట్టిగా చదివింది.

"కీ.శే.... గిదేంది? పోయినోళ్ల తల్లెలా? నా మనుమరాలి పెండ్లిల పోయినోళ్ల తల్లెలల్ల తింటరా?"

ఒక్కసారిగా అందరూ తమ చేతుల్లోని కంచాలు చదవడం మొదలుపెట్టారు. కింద పెట్టేవాళ్లు పెడుతున్నారు. మగపెళ్లివాళ్లలో ఒకాయన చేయి కడుక్కోవడానికి లేచాడు. రూత్ పరుగున వచ్చింది.

"పెద్దమ్మా, మస్తు మంచిగ కడిగిన ప్లేట్లే. మరిగే నీళ్లల్ల..."

"కడిగితే పేరు వోతదా?" అంది పెద్దమ్మ.

నాకు ఆ రెండక్షరాలు ఎన్నడో కనిపించడం మానేశాయి. రూత్ చర్చి మనిషి, పోయినవాళ్ల పేరున అన్నం పెట్టడం వాళ్లకు మంచి పనే. పెళ్లి పందిట్లో ఆ కంచాలు ఎలా కనిపిస్తాయో మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. సేటు మనుషులు పక్క వీధికి పరుగెత్తారు. ప్లాస్టిక్ ప్లేట్లు వచ్చేశాయి. ఉస్మాన్‌గంజ్‌లో వాటికి కరువా? రూత్ కంచాలన్నీ ఎత్తించింది, మూటలు కట్టింది, ట్రాలీ ఎక్కి వెళ్లిపోయింది. పెళ్లికూతురు పీటల మీద కూర్చుని ఏడుస్తుంటే అందరూ అప్పగింతల దుఃఖం అనుకున్నారు.

బజారుకు నోళ్లు చాలా ఉంటాయి. వారం తిరక్కముందే రూత్‌కు 'సచ్చినోళ్ల ప్లేట్లామె' అని పేరు పడింది. పెళ్లిళ్లు వద్దన్నారు సరే, దినాలు చేసుకునేవాళ్లు కూడా ఎందుకొచ్చిన లొల్లి అని వెనక్కి తగ్గారు. నీళ్ల డ్రమ్ము చల్లారిపోయింది. కడిగే ఆడవాళ్లలో కొందరు మళ్లీ ఫంక్షన్ హాల్ ఊడ్పుకు వెళ్లిపోయారు, మళ్లీ థర్మకోల్ మూటలు కట్టడానికి. సంఘం అప్పు అలాగే ఉంది. ఇంకో నెల ఇలాగే ఉంటే కంచాలు తూకానికి అమ్ముకోవాల్సిందే అని రూత్ నా బల్ల ముందు కూర్చుని చెప్పింది.

"కీ.శే. ఒక్కటి తీసేద్దాం" అన్నాను. బఫింగ్ చక్రం దగ్గరికి తీసుకెళ్లాను. గిర్రున తిరిగే గుడ్డ చక్రానికి స్టీలును ఒత్తి పట్టుకుంటే మెరుగు వస్తుంది, పై గీతలు పోతాయి. ఒక కంచం ఒత్తి చూశాను. అక్షరాలు పోయినట్టే ఉండి, వెలుగులోకి తిప్పితే నీడలా కనిపిస్తున్నాయి. ఇంకా ఒత్తితే రేకు పలచబడి వంగిపోతుంది. రూత్ నా చేతిలోంచి కంచం లాక్కుంది. అది ఆ డ్రైవర్ పెద్దాయన భార్యది.

"వద్దక్కా. గాయన బజార్ల కలిసినప్పుడల్లా అడుగుతడు, ఇయ్యాల మా ఆమె ప్లేట్ల ఎవరు తిన్నరమ్మా అని. ఏం జెప్పాలె? తుడిచేసిన అని జెప్పాల్నా?"

మిషన్ ఆపేశాను. ఇద్దరికీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఆ తర్వాత కొన్నాళ్లకు, దుకాణాల్లో మగవాళ్లంతా కునుకు తీసే మధ్యాహ్నం పూట, పెద్దమ్మ మా మెట్లెక్కింది. ఒక్కతే వచ్చింది. మా తమ్ముడు కుర్చీ తేబోతే వద్దని నా స్టూలు లాక్కుని దాని మీదే కూర్చుంది. ఇంకో గొడవ మోసుకొచ్చిందనుకుని నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"గా దినం నా చేతికొచ్చిన తల్లె మీద భారతమ్మ అని ఉండె. ఎవరు గామె?"

"మీ ఎదురింటామెనే పెద్దమ్మా. పప్పుల దుకాణమోళ్లు. వాళ్ల కొడుకులు కొట్టిచ్చిన్రు."

పెద్దమ్మ ముఖంలో కోపం ఉందేమో అని చూశాను. లేదు. ఏదో వెతుక్కుంటున్నట్టు ఉంది.

"పప్పులామె పేరు భారతమ్మనా?" అంది. "ఎదురెదురు ఇండ్లు మావి. నా పిల్లలు ఆమె ఇంట్ల తిన్నరు, ఆమె పిల్లలు నా ఇంట్ల పండిన్రు. నేను పప్పులామె అంటుంటి, ఆమె నన్ను నూనెలామె అంటుండె. ఒక్కనాడు పేరు అడుగలే సూడు. ఆమె పోయినంక తల్లె మీద చదివిన."

పెద్దమ్మ నా వైపు తిరిగింది.

"నా పేరు నీకెర్కనా?"

ఎరుక లేదు. ఆ గల్లీలో ప్రతి ఇంటి గిన్నె మీదా పేరు కొట్టినదాన్ని, ఆమె పేరు నాకు తెలియదు.

"ఎట్ల ఎర్కయితది? మా ఇంట్ల గిన్నెలన్నిటి మీద ముందు మా మామ పేరుండె. తరువాత పెనిమిటి పేరు. ఇప్పుడు కొడుకు పేరు. నా పేరెప్పుడు వడతది? నేను పోయినంక. ముంగట నీ కీ.శే. పెట్టి. గప్పుడు నేనొచ్చి చదువుకుంటనా?" అని బల్ల మీద చేత్తో కొట్టింది. "కొట్టు. ఇప్పుడే కొట్టు. గా ప్లేట్ల పిల్ల ఎన్ని తల్లెలు మోస్తదో గన్ని తియ్యి. బతికున్నదాని పేరు పెండ్లికి పనికిరాదనేటోడు ఎవడో నేను జూస్త."

మా తమ్ముడు అప్పటికే కంచాలు దించుతున్నాడు. నేను ఇంకో స్టూలు లాక్కుని మిషన్ పెట్టాను.

"పేరు చెప్పు పెద్దమ్మా."

చెప్పలేదు. అంత గట్టిగా మాట్లాడిన మనిషి, పేరు దగ్గరికి వచ్చేసరికి తల దించుకుని కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది. చాలాసేపటికి అంది, "అనసూయ."

"అనసూయమ్మ అని కొట్టాల్నా?"

"వద్దు. అనసూయ. మా అమ్మ గట్లనే పిలుస్తుండె."

"కింద దుకాణం పేరు?"

"ఏం వద్దు. ఇంకొక మాట. నేను పోయినంక గూడ దీని ముంగట ఏం చెక్కొద్దు. కొట్టిచ్చుకున్ననాడు బతికే ఉన్న గదా. మాటియ్యి."

మాటిచ్చాను. మొదటి కంచం పూర్తయ్యాక పొడి ఊది ఆమె చేతికిచ్చాను. అద్దాలు పెట్టుకుని చదువుకుంది. వేలితో అక్షరాల మీద రాసింది. మొత్తం అయ్యేదాకా నా పక్కనుంచి కదల్లేదు.

మర్నాటి నుంచి మా మెట్ల మీద సందడి మొదలైంది. ఆవిడ ఊరుకునే రకం కాదు. మధ్యాహ్నమైతే చాలు, ఏదో ఒక ఇంటి ఆడమనిషిని వెంటేసుకుని వచ్చేది. బెల్లం దుకాణం వాళ్ల కోడలు పేరు చెప్పమంటే సిగ్గుతో నా చెవిలో చెప్పింది. ఇంకొకామె ఇంట్లో తెలియకూడదని పుట్టింటి ముద్దుపేరు కొట్టించుకుంది. ఒకరి పేరు విని ఒకరు నవ్వుకునేవాళ్లు, ఇన్నాళ్లూ దాచావా అని గిల్లుకునేవాళ్లు. కిషన్‌బాగ్ నుంచి రూత్ మనుషులు కూడా వచ్చారు. ఆ ఎండపూటలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ప్రాణం లేచి వస్తుంది. మా నాన్న ఉంటే ఆ గోల చూసి పారిపోయేవాడు.

ఒక రోజు పెద్దమ్మ రూత్‌ను నిలదీసింది. "అందరియి అయినయి. నీ పేరేది పిల్లా?"

"నాది వద్దు పెద్దమ్మా."

"ఎందుకు వద్దు?"

రూత్ నేల చూపులు చూసింది. పెద్దమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. ఎంత అర్థం చేసుకుందో నాకు తెలియదు, ఆవిడ కూడా ఆ గల్లీలోనే ముసలైన మనిషే. చివరికి నా వైపు తిరిగి, "కొట్టు, ఆమెది గూడ కొట్టు. తినేటోడు తింటడు, తిననోడు పస్తుంటడు" అంది.

పోయినవాళ్ల పేర్లున్న కంచాలు దినాలకు, మిగతా విందులకు. ఉన్నవాళ్ల పేర్లవి పెళ్లిళ్లకు. మళ్లీ మొదటి పెళ్లి మా బజారులోనే, పప్పుల దుకాణం వాళ్లింట్లో దొరికింది. పెద్దమ్మ పొద్దున్నే వచ్చి కంచాల దొంతర పక్కనే కుర్చీ వేయించుకుంది. తీసుకున్న ఆడవాళ్లంతా పేర్లు చదువుతున్నారు. "నాకు సులోచన వచ్చింది", "నాకెవరో ఫాతిమా", "అనసూయ ఎవరే?" అని ఎవరో అడిగారు. "నేనే బిడ్డా, అన్నం కొంచెం ఎక్కువ వెట్టిచ్చుకో" అంది ఆవిడ కుర్చీలోంచి. రూత్ పేరున్న కంచాల్లో ఎవరెవరు తిన్నారో నేను చూడలేదు. ఆకలి మీదున్న మగవాళ్లు ఎలాగూ చదవరు.

ఇప్పుడు మా గల్లీలో లేజర్ మిషన్లు వచ్చాయి. కంప్యూటర్‌లో టైపు చేస్తే చాలు, పేరు పడుతుంది, పక్కన పువ్వు కూడా పడుతుంది. నా మణికట్టు నొప్పికి అదీ మంచిదే. అయినా చేతిరాత కావాలని వచ్చేవాళ్లు కొందరున్నారు. రూత్ ఇప్పుడు రేకుల షెడ్డులో పెద్ద కడుగుడు నడుపుతోంది, ట్రాలీలు పెరిగాయి. నాలా బాగుపడిపోయిందని మాత్రం చెప్పను. గట్టి వాన పడితే ఇప్పటికీ వాళ్ల గల్లీలోకి నీళ్లు వస్తాయి. మునుపటిలా మంచాల దాకా రావడం లేదని రూత్ అంటుంది.

పోయిన ఏడాది కార్తీకంలో పెద్దమ్మ పోయింది. దినాలకు ముందు రాజేశ్వర్ సేటు కొత్త కంచాలు కొనడానికి వచ్చాడు. రూత్‌ను కూడా రమ్మని ఫోన్ చేశాడట, పెద్దమ్మ పేరున్న పాత కంచాలు తీసుకుని. అవీ ఇవీ నా బల్ల మీద పెట్టి నిలబడ్డాడు.

"మా వాళ్లు ఒక మాటంటున్నరక్కా. అమ్మ పోయినంక ఆమె పేరున్న తల్లెలు గట్లనే పెండ్లిళ్లల్ల తిరిగితే బాగుండదట. వీటికి గూడ ముంగట కీ.శే. కొట్టు."

రూత్ ముఖం పాలిపోయింది. ఇంకోసారి పెళ్లి పందిట్లో గొడవైతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. అయినా, "అన్నా, అమ్మ మీది. మీరెట్ల అంటే గట్ల" అంది.

నేను మాత్రం మిషన్ ముట్టుకోలేదు. "అమ్మ నాతోని మాట తీసుకున్నదన్నా. ముంగట ఏం చెక్కొద్దన్నది" అన్నాను.

సేటు ఒక కంచం తీసుకుని కిటికీ వెలుగులోకి తిప్పాడు. తిని తిని, కడిగి కడిగి ఆ పేరు కొంచెం నునుపుదేలింది. బొటనవేలితో రుద్దుతూ ఉండిపోయాడు.

"మా బాపు ఆమెను పేరు వెట్టి పిలువంగ నేను వినలే" అన్నాడు. "బడిల అమ్మ పేరు అడుగుతే నేను పక్కోన్ని చూసి నవ్విన. తెల్వది నాకు." కంచం కింద పెట్టాడు. "ఉండనియ్యి. గట్లనే ఉండనియ్యి."

రూత్ పాత కంచాలన్నీ మళ్లీ మూట కట్టుకుంది. నేను కొత్తవాటిలో ఒకటి ముందుకు లాక్కుని మిషన్ పెట్టాను. ఇన్నేళ్ల అలవాటు, చేయి తనంతట తనే 'కీ' వైపు పోయింది. ఆపి, సేటు వైపు చూశాను.

"అనసూయ" అన్నాడాయన. "గంతే."

ఆ రోజు నుంచి దినాల సామాను పట్టుకుని నా బల్ల దగ్గరికి ఏ మగమనిషి వచ్చినా, పోయినవాళ్ల పేరు రాసుకున్నాక ఒక మాట అడుగుతున్నాను. ఇంట్లో ఉన్న ఆడవాళ్ల పేర్లు కూడా చెప్పన్నా, ఒక్కో కంచం మీద కొట్టి ఇస్తా అని. కొందరు టక్కున చెబుతారు. కొందరు ఆగిపోయి, జేబులోంచి ఫోన్ తీసి ఇంటికి కలుపుతారు. అవతలి గొంతు నాకూ వినిపిస్తుంది. "నా పేరా? నా పేరెందుకురా?" అంటుంది ముందు. తర్వాత చెబుతుంది.